జీను లేనిదే స్వారీ లేదు

మంచుమిట్ట మీద గుర్రం ఎక్కాలంటే ముందు ప్యాంటు ఎక్కించాలి. ఈ సంగతి కుందనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే అత్తగారు సర్దిచ్చిన పెట్టెలోంచి రెండు చీరలు తీసేసి, కాలేజీ రోజుల నాటి జీన్సు ఒకటి అడుగున దాచి తెచ్చుకునేదే. కొత్త కోడలు కదా, పెట్టెలో ఏముండాలో నిర్ణయించే అధికారం ఇంకా చేతికి రాలేదు.

కాళ్ళకు పారాణి ఎరుపు కూడా పూర్తిగా వదల్లేదు. మెట్టెలు గచ్చు మీద టక్కుటక్కుమంటే ఎవరో వస్తున్నారనుకుని తనే వెనక్కి తిరిగి చూసుకునేది. మొగుణ్ణి "ఏమండీ" అని పిలిచి, ఆయన పలకగానే నవ్వొచ్చి, ఎందుకు పిలిచిందో మర్చిపోయేది. కొండ మీది అతిథిగృహంలో కాఫీ కప్పుల్లో కాకుండా బుల్లి ఫ్లాస్కులో వచ్చిందని ఒక పూటంతా సంతోషపడింది. ఇంత చిన్న చిన్న వాటికే కడుపు నిండిపోయే మనిషికి ఒకే ఒక్క పెద్ద కోరిక ఉంది. గుర్రం ఎక్కాలి.

దానికి కారణం పెళ్ళి మెరవణి. ప్రొద్దుటూరు వీధుల్లో పెళ్ళికొడుకు యశ్వంత్‌ను తెల్లగుర్రం మీద ఊరేగించారు. గుర్రానికి జరీ గుడ్డ కప్పి, నుదుటికి అద్దాల పట్టీ కట్టారు. దాని మీద యశ్వంత్ బస్సు టాపెక్కినవాడిలా ఏది దొరికితే అది రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. అతనికి ఎత్తంటే భయం. వెనక కారులో, పూలజడ బరువుకు మెడ తిప్పలేక, కుందన దారి పొడుగునా ఆ గుర్రం తోక ఒక్కటే చూస్తూ వచ్చింది. మర్నాడు తలంబ్రాల వేళ అతను చెవి దగ్గరికి వంగి "నీకేం కావాలో అడుగు" అన్నాడు. ఆమె ఆలోచించలేదు. "గుర్రం" అంది. ఆ గోలలో అతనికి "గాజులు" అని వినబడిందట. సరేనన్నాడు. ఎలా వినబడినా మాట ఇచ్చాక ఇచ్చినట్టే. అది అతను ఆమెకిచ్చిన మొదటి మాట కూడా.

వాళ్ళు కొండ మీద ఉండేది ఆ ఉదయం వరకే. మధ్యాహ్నం బస్సుకు దిగి, సాయంత్రానికి మనుగుడుపులకు కుందన పుట్టింటికి చేరాలి. అందుకే టిఫిను కాగానే ఇద్దరూ గుర్రాల దగ్గరికి బయల్దేరారు.

జనం మంచుమిట్ట అని పిలిచే ఆ కొండను పర్వత విహార సంస్థవారు మేఘగిరి అంటారు. గుర్రాలుండే చోటును అశ్వవిహార విభాగం అంటారు. గేటు మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డుంది: "జీను లేనిదే స్వారీ లేదు." దాని కింద ఒక తెల్లటి ఆడగుర్రం ఎండుగడ్డి నములుతూ నిలబడి ఉంది. పక్కన దాని యజమాని దస్తగిరి స్టూలు మీద కూర్చుని ప్యాంటుకు గుండీ కుడుతున్నాడు.

"దీని పేరేంటన్నా?" అంది కుందన.

"బిజిలి మా. పేరుకే మెరుపు, నడిస్తే ముసురు." దస్తగిరి దారం కొరికి లేచాడు. "ఎవరు మా ఎక్కేది?"

"నేనే."

దస్తగిరి ఆమె చీర చూశాడు. యశ్వంత్ ప్యాంటు చూశాడు. నాలుక చప్పరించాడు. "అన్నకైతే అర్హత ఉండాది. నీకు లేదు మా."

"ఏం అర్హత?"

"జీను. అన్న జీనేసుకున్యాడు గదా."

కుందన మొగుడి కాళ్ళకేసి చూసింది. అతను వేసుకున్నది నీలం రంగు జీన్సు. "అది జీన్సన్నా."

"ఒక కాలుకైతే జీను, రెండు కాళ్ళకు జీన్సు. ఆఫీసోళ్ళు పొదుపుగా ఒక కాలుకే రాసినారు."

ఆమె బోర్డు మరోసారి చదివింది. తర్వాత యశ్వంత్ వైపు తిరిగింది. "మళ్ళీ మీకేనా గుర్రం?"

"నాకొద్దు తల్లీ. మొన్న దిగినప్పుడే దానికి దండం పెట్టేసినా," అన్నాడు యశ్వంత్.

"దిగులు పడొద్దు మా," అన్నాడు దస్తగిరి. "మా ఇంట్లో అద్దెకు ఉండాయి. అన్ని సైజులూ, అన్ని కాలాలకూ. ముందు గుర్రాన్ని తోలేవాణ్ణి, ఇప్పుడు ప్యాంట్లు ఉతుకుతాండా. బిజిలికి సుఖం, నాకూ సుఖమే."

దస్తగిరి ఇల్లు గేటుకు ఎదురుగానే. ముంగిట తీగల నిండా నీలం కాళ్ళు గాలికి ఊగుతున్నాయి. అతని భార్య కొలత చూడకుండానే ఒకటి తీసి ఇచ్చింది. కుందన లోపలికి వెళ్ళి అది తొడుక్కుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని బయటికి వచ్చింది. పైన కంచిపట్టు అంచు, కింద రాగి గుండీలు. యశ్వంత్ నవ్వు ఆపుకోవడానికి కొండల వైపు తిరిగాడు. ఆ కొండలు అంత అందంగా ఎప్పుడూ లేనట్టు చాలాసేపు చూశాడు.

"తిరగండి. చూస్తే ఏం కాదు," అంది కుందన. తిరిగాక ఆమే ముందు నవ్వింది.

అర్హత నిర్ధారణ ఆఫీసు లోపల జరుగుతుంది. పర్యవేక్షకుడు ఓబులేసుగారు వయసులో పెద్దవాడు. తెల్లచొక్కా, జీన్సు ప్యాంటు, బెల్టు. ఆ బెల్టు నడుముకు కాకుండా బొజ్జ కింద ఎక్కడో కనపడని చోట బిగించి ఉంది. గుమాస్తాకూ అంతే, నీళ్ళు తెచ్చిచ్చిన అటెండరుకూ అంతే.

కుందన చూపు గమనించి ఆయన గోడ మీది పెద్ద పటాన్ని బెత్తంతో చూపించాడు. పైన "గుర్రపు స్వారీ, ఋతువారీ వస్త్ర సామగ్రి నియమావళి" అని ఉంది. "రెండో నిబంధన చూడండి మేడమ్. జీను పట్టీని కడుపు కింద బిగించవలెను. నడుముకని లేదు. కడుపు కింద. సిబ్బంది మాదిరిగా ఉండాల కాబట్టి మేమంతా ఇట్లనే."

"కిందికి జారిపోదా సార్?"

"జారుతుంది. పట్టుకుంటాం." ఆయన ఇక్కడ ఎడంచేత్తో పట్టుకుని చూపించాడు కూడా. "ఇప్పుడు తమరి విషయం. జీను ఉన్నది. సంతోషం. కాలం ఏదో చూద్దాం."

కాలం కోసం ఆయన కిటికీలోంచి చూడలేదు. వెనక గోడకు మేకుకు వేలాడుతున్న చెక్కపలకను చూశాడు. దాని మీద "చలికాలం" అని ఉంది.

"సార్, బయట ఎండగా ఉంది," అంది కుందన.

"ఎండ ఉండొచ్చు మేడమ్. ఎండాకాలం ఉత్తర్వు రాలేదు." ఆయన బెత్తం మూడో నిబంధన మీదికి జరిగింది. "చలికాలమందు జీను కింద మందపాటి కంబళి మడత ఉండవలెను. దస్తగిరీ, కంబళి."

దస్తగిరి వరండాలోని బీరువాలోంచి గొర్రెబొచ్చు కంబళి తెచ్చాడు. జీను కింద అంటే ప్యాంటు లోపల అని దస్తగిరి భార్య ఓపికగా వివరించింది. కుందన మళ్ళీ పక్కగదిలోకి వెళ్ళింది. ఈసారి వచ్చేటప్పుడు రెండు కాళ్ళూ దగ్గరికి రాక, కొత్తగా నడక నేర్చిన ఏనుగుపిల్లలా వచ్చింది. దురదకు ఒంటికాలి మీద నిలబడదామంటే అదీ కుదరలేదు.

"ఎట్ల ఉంది?" అన్నాడు యశ్వంత్ మెల్లగా.

"గొర్రె నన్ను వేసుకున్నట్టుంది," అంది.

అంతలో చిటపటమని చినుకులు పడ్డాయి. మంచుమిట్ట మీద వాన చెప్పి రాదు. ఓబులేసుగారు గంభీరంగా లేచి, చెక్కపలకను తిప్పాడు. రెండోవైపు "వానాకాలం" అని ఉంది. "తాత్కాలిక వానాకాలం ప్రకటించే అధికారం సంస్థ మాకు దఖలు పరచింది. ఒక గంటకు మించకుండా." బెత్తం నాలుగో నిబంధన మీదికి పోయింది. "వానాకాలమందు జీను తడవకుండా పైన టార్పాలిన్ కప్పవలెను."

టార్పాలిన్ లారీది. దాని మీద ఎవరిదో ట్రాన్స్‌పోర్టు కంపెనీ పేరు సగం చెరిగి ఉంది. దాన్ని కుందన నడుము చుట్టూ తిప్పి కొబ్బరితాడుతో కట్టారు. అది కట్టడం పూర్తయ్యేసరికి వాన ఆగింది. అప్పుడే బల్ల మీది ఫోను మోగింది. ఓబులేసుగారు లేచి నిలబడి విన్నాడు. "చిత్తం సార్. తక్షణం సార్," అని పెట్టేసి, చెక్కపలకను మేకు నుంచి తీసి, సొరుగులోంచి ఇంకో పలక తగిలించాడు. ఎండాకాలం వచ్చేసింది. మంచు మాత్రం కిటికీ ఊచల దాకా వచ్చి, లోపలికి రావచ్చో లేదో అడుగుతున్నట్టు ఆగింది.

"అదృష్టవంతులు మేడమ్. మూడు కాలాలూ ఒకే స్వారీకి కలిసొచ్చినాయి. ఐదో నిబంధన. ఎండాకాలమందు జీనుకు నూనె పట్టించవలెను. లేనిచో తోలు పగులును." ఆయన గొంతు తడి అయింది. "ఎండకు మన తోలు పగుల్తాదని కూడా ఆలోచించినారు చూడండి. ఇంత శ్రద్ధ కన్నవాళ్ళకు కూడా ఉండదు."

నూనె వేరుశనగది. దస్తగిరి భార్య గిన్నెలో తెచ్చి, గుడ్డ ముంచి, కుందన మోకాళ్ళ నుంచి మొదలుపెట్టి శ్రద్ధగా పట్టించింది. కుందన రెండు చేతులూ చాచి నిలబడింది. లోపల కంబళి, పైన టార్పాలిన్, నడుమ నూనె కారుతున్న ప్యాంటు, కంచిపట్టు కొంగు, కొత్త నల్లపూసలు. తలుపులోంచి బిజిలి తొంగిచూసి, గడ్డి నమలడం ఒక్కక్షణం ఆపింది.

కుందన డిగ్రీ చదువుకున్న పిల్ల. కొత్త మొగుడి ముందు తెలివితేటలు చూపించుకోవాలని లేకపోయినా, దురద ఓర్చుకోలేక అడిగేసింది. "సార్, జీనంటే గుర్రం వీపు మీద వేసేది కదా. మనం కూర్చునే తోలు ఆసనం."

గుమాస్తా తల వంచుకున్నాడు. ఓబులేసుగారికి కోపం రాలేదు. చిన్నపిల్లలు అడిగే ప్రశ్న విన్న పెద్దమనిషిలా చిరునవ్వు నవ్వాడు.

"సదరు అభిప్రాయం ఇదివరకే వచ్చింది మేడమ్. సంస్థ దాన్ని పెడచెవిని పెట్టలేదు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేసింది. కమిటీవారు కొండెక్కి, గుర్రాన్ని చుట్టూ తిరిగి పరిశీలించినారు. ఇది వస్త్ర నియమావళి. గుర్రానికి వస్త్రములు ఉండవు. కావున ఇందులోని జీను గుర్రానిది కాజాలదు. ఏకగ్రీవం."

"మరి ఆ తోలు ఆసనాలు?"

"అక్కడే చిక్కొచ్చింది. జీనంటే మనిషిదని తేలినాక ఆ వస్తువులకు పేరు లేకుండా పోయింది. పేరు లేని వస్తువు స్టాకులో ఉండరాదు. హెడ్డాఫీసుకు పంపించినాం. పేరు పెట్టి తిప్పి పంపుతామన్నారు. పెద్ద పేరే ఆలోచిస్తాండారేమో, ఇంకా రాలేదు."

"అవి లేకుండా జనం ఎట్లా ఎక్కుతున్నారు సార్?" అన్నాడు యశ్వంత్.

"ఎక్కడం లేదు." ఓబులేసుగారు ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. "అర్హత నిర్ధారణ వరకు అందరూ వస్తారు. ఏడో నిబంధన దగ్గర ఆగిపోతారు."

బెత్తం పటం కింది భాగానికి దిగింది. ఏడో నిబంధన పొట్టిగా ఉంది: "స్వారీదారు జీను మీద నిటారుగా కూర్చోవలెను."

"జీను లోపల కూర్చుంటాం. జీను మీద ఎట్ల కూర్చుంటాం మేడమ్? వేసుకున్నోళ్ళు లోపల ఉంటారు, పైకి రాలేరు. నేను స్వయంగా ఇంట్లో తలుపేసుకుని ప్రయత్నం చేసినా. మా ఆవిడ చూసి నెల రోజులు అమ్మగారింటికి పోయొచ్చింది. ఒకాయన రెండు జీన్లు తెచ్చినాడు, ఒకటి వేసుకుని ఒకటి పరుచుకుంటానని. రెండు జీన్లకు నిబంధన లేదని తిరగ్గొట్టినాం. వివరణ కోరుతూ పైకి రాసినాం. అందాకా, అర్హత పొందినవాళ్ళు గుర్రం పక్కన నడవొచ్చు. ఫోటో దిగొచ్చు. గుర్రానికి చెయ్యి ఊపొచ్చు."

కుందనకు అప్పటిదాకా ప్రతిదానికీ నవ్వే వచ్చింది. ఇప్పుడు రాలేదు. ఆమె పక్కగదిలోకి వెళ్ళి, టార్పాలిన్ విప్పి, కంబళి తీసి, నూనె ప్యాంటు విడిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వరండా మెట్టు మీద కూర్చుంది. యశ్వంత్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గాజులైతే ఈపాటికి వేయించేసి ఉందును," అన్నాడు.

"నేను గాజులు అడగలేదు."

"తెలుసు. ఇంకోచోట ఎక్కుదాం. వచ్చే సంవత్సరం."

"వచ్చే సంవత్సరం ఎక్కితే అది మొదటి మాట కాదు," అంది కుందన. "అప్పటికి మీరు ఎన్ని మాటలు ఇచ్చి ఉంటారో. ఇది వాటిలో ఒకటైపోతుంది."

అతను తల గోక్కున్నాడు.

అంతలో దస్తగిరి గదిలోంచి వచ్చి, విడిచిన నూనె ప్యాంటు చేతిలో పట్టుకుని, ఎక్కడ ఆరవేయాలా అని అటూ ఇటూ చూశాడు. తీగలు నిండిపోయాయి. రోజూ చేసే పనే కాబోలు, దాన్ని తీసి బిజిలి వీపు మీద పడేశాడు. ప్యాంటు నడుము వీపు మీద కూర్చుంది. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేలాడాయి. తల లేని మనిషి ఎవరో దర్జాగా గుర్రమెక్కినట్టుంది.

కుందన ముందు ఫక్కున నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. మొగుడి మోకాలి మీద చెయ్యి వేసి, ఆ నీలంగుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"ఏమండీ," అంది. ఈసారి ఎందుకు పిలిచిందో మర్చిపోలేదు. "మీ జీన్సు ఇస్తారా?"

"ఇక్కడా?"

"ఆ అద్దెది నూనె జిడ్డు. దాని మీద కూర్చుంటే సరాసరి ప్రొద్దుటూరు దాకా జారతాను. మీది పొడిగా ఉంది."

"మరి నేనేం కట్టుకోవాల?"

"పెట్టెలో పట్టుపంచె ఉంది. అత్తయ్య మనుగుడుపులకు పెట్టింది కదా."

యశ్వంత్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత గుర్రం వీపు మీది ఆ తల లేని మనిషిని చూశాడు. అతను సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. బొమ్మ అర్థమైంది. లేచి అతిథిగృహం వైపు నడిచాడు. వచ్చేటప్పుడు అంచు పంచెలో, మడతపెట్టిన జీన్సు రెండు చేతుల మీద పెట్టుకుని, పెళ్ళిలో బట్టలు పెట్టేవాళ్ళు పట్టుకొచ్చినట్టు తెచ్చాడు.

మొదట కంబళి మడత పెట్టి బిజిలి వీపు మీద వేశారు. దాని మీద జీన్సు పరిచారు. దస్తగిరి కొబ్బరితాడు తెచ్చి గుర్రం కడుపు కింది నుంచి తిప్పి బిగించాడు. వేలాడే కాళ్ళ చివర్లు ముడివేస్తే పాదాలు పెట్టుకోవడానికి రెండు ఉచ్చులు తయారయ్యాయి. కుందన చీర కచ్చపోసి దోపుకుంది. అప్పుడు ఓబులేసుగారిని పిలిచారు.

ఆయన బెత్తంతో వచ్చాడు. గుర్రాన్ని చూసి ఆగాడు. "ఇదేంది?"

"జీను సార్," అంది కుందన. "ఒక్కటే ఉంది. రెండోది లేదు. నిబంధనలు మీరే చదవండి."

ఆయనకు నియమావళి కంఠతా వచ్చు. "జీను లేనిదే స్వారీ లేదు," అన్నాడు. జీను ఉంది. "జీను పట్టీని కడుపు కింద బిగించవలెను." వంగి చూశాడు. బిజిలి కడుపు కింద, ముడి గట్టిగా ఉంది. ఆయన చెయ్యి తెలియకుండానే తన బెల్టు మీదికి పోయింది. "జీను కింద కంబళి." ఉంది. "వాన వస్తే పైన టార్పాలిన్." దస్తగిరి భుజం మీద సిద్ధంగా ఉంది. "ఎండకు నూనె." వేలాడే కాళ్ళ అంచులకు దస్తగిరి భార్య రాసే ఉంచింది. ఆరో నిబంధన వరకు ఎక్కడా ఆగకుండా వచ్చేశాడు. గుమాస్తా, అటెండరు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు.

"ఏడోది," అంది కుందన. దస్తగిరి పట్టుకోగా, ఒక పాదం ముడిలో పెట్టి, ఒక్క ఊపున ఎక్కి, జీను మీద నిటారుగా కూర్చుంది.

ఓబులేసుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా సర్వీసులో ఒక నియమావళి మొత్తం ఒకేచోట నిజం కావడం చూళ్ళేదు," అన్నాడు.

"కానీ సార్," గుమాస్తా గొణిగాడు, "గుర్రానికి వస్త్రాలుండవని కమిటీ..."

"ఇప్పుడు ఉండాయి గదయ్యా," అన్నాడు ఓబులేసుగారు. "కళ్ళకు కనపడట్లా? ప్యాంటే వేసుకున్యాది. ఈ పరిస్థితి కమిటీ వారి దృష్టికి రాలేదు. పోనీ దస్తగిరీ."

దస్తగిరి కళ్ళెం పట్టుకున్నాడు. బిజిలి ఒక అడుగు వేసింది. కుందన జూలు పట్టుకుంది. ఇంకో అడుగు. గుర్రం చెవులు రెండూ ముందుకు నిక్కి, వాటి మధ్య నుంచి దారి, దారి చివర కాఫీ తోటలు, తోటల మీద ఇంకా వెళ్ళిపోని మంచు కనబడ్డాయి. కింద నుంచి వెచ్చగా, కొంచెం గడ్డివాసన. ముడిలో ఉన్న పాదానికి మెట్టెలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడైంది. ఇంత ఎత్తు నుంచి అన్నీ కనపడతాయని యశ్వంత్ ఒక్కసారి కూడా చెప్పలేదేమిటి అనుకుంది. ఆ తర్వాత గుర్తొచ్చింది, మెరవణి అంతా కళ్ళు మూసుకుని కూర్చున్నానని అతనే చెప్పాడు.

టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గుర్రం మీద మనిషిని చూసి ఆ కొండ మీద చాలా కాలమైంది. ఎవరో ఈల వేశారు. వెనకాల యశ్వంత్, పట్టుపంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, దారిలో గులకరాళ్ళు తప్పించుకుంటూ నడిచి వస్తున్నాడు.

"ఎట్ల ఉంది?" అని అరిచాడు.

నోరు తెరిస్తే నవ్వు జారిపోతుందని కుందన పెదాలు బిగించి కూర్చుంది.

వ్యూపాయింటు దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి ఓబులేసుగారు ఆఫీసులో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. హెడ్డాఫీసు పెద్దసారు గొంతు గది బయటికి వినిపిస్తోంది. ఏడో నిబంధన అమలైన వార్త విని ఆయన మహదానందపడ్డాడు. వెంటనే సవరణ చెబుతానన్నాడు. ఓబులేసుగారు "చిత్తం, చిత్తం" అంటూ రాసుకున్నాడు. గుర్రాలకు నాలుగు కాళ్ళు గనుక రెండు కాళ్ళ జీన్సు అసంపూర్ణమని, నాలుగు కాళ్ళవి, జేబులతో సహా కుట్టించడానికి టెండరు పిలుస్తామని కూడా అట్నుంచి సెలవైంది.

"సార్, ఆ తోలు ఆసనాలు?" అని కుందన గుర్తు చేసింది.

"వాటికి వేరే కమిటీ మేడమ్. దీంతో కలపొద్దు."

దస్తగిరి తాడు విప్పి జీన్సు తీశాడు. యశ్వంత్ చెయ్యి చాచాడు. ఓబులేసుగారి బెత్తం వాళ్ళిద్దరి మధ్యకు వచ్చింది.

"ఎనిమిదో నిబంధన. స్వారీ అనంతరం జీనును విప్పి, పూర్తిగా ఆరువరకు నీడన ఉంచవలెను."

"తడవలేదు సార్," అన్నాడు యశ్వంత్.

"గుర్రం చెమట. సంస్థ ఆస్తి కాకపోయినా సంస్థ బాధ్యత. ఆరినాక పోస్టులో పంపిస్తాం." మంచుమిట్ట మీద నీడన ఏదీ ఆరదని అక్కడ అందరికీ తెలుసు. కుందన ఎనిమిదో నిబంధనకు ఎదురు చెప్పలేదు. ఏడోది తనకు ఇచ్చినదానికి ఇది తీసుకుంటే తీసుకోనీ అనుకుంది.

పెట్టె సర్దుకుని బస్సుకు నడుస్తూ గేటు దాటేటప్పటికి నిచ్చెన వేసి బోర్డు మారుస్తున్నారు. పాత అక్షరాల మీద సున్నం ఇంకా తడిగానే ఉంది. కింద కొత్త అక్షరాలు: "జీను గుర్రమునకు మాత్రమే. జీను ధరించి వచ్చువారికి ప్రవేశము లేదు." అప్పుడే ఎక్కివచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళను, చక్కటి నీలం జీన్సులో ఉన్నవాళ్ళను, అటెండరు ఆపేశాడు. అతనప్పటికే లుంగీలోకి మారాడు. బెల్టు బాధ తీరిన మొహం.

"ఇది అన్యాయమన్నా. నిన్న జీన్సు కావాలన్నారు," అంటున్నాడు ఒక కుర్రాడు.

"దిగులెందుకు తమ్ముడూ," అన్నాడు ఎదురింటి ముంగిట నుంచి దస్తగిరి. తీగల మీంచి ప్యాంట్లన్నీ దింపేశాడు. వాటి చోట తెల్లగా ఏవో ఆరవేస్తున్నాడు. "మా ఇంట్లో అద్దెకు పంచెలుండాయి. అన్ని కాలాలకూ."

బస్సు కిక్కిరిసి ఉంది. పట్టుపంచె, జరీ అంచు, నుదుట చెరగని కుంకుమబొట్టుతో ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని లోపలికి వచ్చిన యశ్వంత్‌ను చూసి జనం పక్కకు జరిగి దారిచ్చారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, నిలువెల్లా చూశాడు.

"ఏం పెండ్లికొడకా, ఒక్కడివే వస్తివి. గుర్రం యాడ విడిస్తివి?"

బస్సంతా నవ్వింది. యశ్వంత్ చెవులు ఎర్రబడ్డాయి. అతని వెనక నుంచి, కచ్చ విప్పినా చీర మీద గుర్రపు వెంట్రుకలు ఇంకా దులుపుకోని కుందన ముందుకు వచ్చింది.

"గుర్రం నాదన్నా," అంది. "ఈయన వెనకాల నడిచొచ్చినాడు."

కండక్టరు యశ్వంత్ వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు.

యశ్వంత్ కాదనలేదు. "తోక మాత్రం చాలా బాగుండాదన్నా," అన్నాడు.